పైకా, కిందికా

వంటగదిలో మళ్ళీ గిన్నె జారిపడింది. ఈసారి మూతతో సహా.

ఆమె లేవబోయి మళ్ళీ కుర్చీలో కూలబడింది. లేస్తే కొత్త గొడవ. లేవకపోతే పాతది ఎలాగూ ఉంది.

"పిచ్చుకా! ఉప్పు డబ్బా ఎక్కడుందో మీ అమ్మనడుగు."

లాప్‌టాప్ ముందేసుకుని బల్ల దగ్గర కూర్చున్న కూతురు తలెత్తింది. వంటగదికీ హాలుకీ మధ్య ఉన్నది తలుపు కూడా లేని గుమ్మం.

"అమ్మా, ఉప్పు..."

"పై అరలో. ఎడమ పక్క."

"నాన్నా, పై అరలో..."

"వినపడింది," అంది వంటగది.

నాలుగు రోజులుగా ఇదే వరస. ఆయన భార్యతో నేరుగా మాట్లాడటం మానేశాడు. మానేసి వంట మొదలుపెట్టాడు. "ఇంట్లో అడుగుపెట్టే ముందు మెట్ల మీద కూర్చుని గుండె దిటవు చేసుకోవాల్సినంత నరకం ఇక్కడుందని ఊరంతా చూశాక, ఇంకా మీ అమ్మ చేత వండించుకు తింటే నన్ను మనిషంటారా?" అని కూతురితో అన్నాడు. ఆ మాట తగలాల్సినవాళ్ళకి తగిలిందో లేదో ఓరకంట చూసుకున్నాడు. తర్వాత గరిటె పట్టుకున్నాడు.

ఆయన జనానికి కారు నడపడం నేర్పే మనిషి. రోజంతా పక్క సీటులో కూర్చుని, తన కాలి కింద విడిగా ఒక బ్రేకు పెట్టుకుని, "నెమ్మది, నెమ్మది" అంటూ ఎదుటివాళ్ళ భయాలు మోస్తాడు. నడిపేది ఎప్పుడూ అవతలివాళ్ళే. ఇప్పుడు పొయ్యి ముందు తనే నడపాల్సివచ్చేసరికి దేన్నెప్పుడు ఆపాలో తెలియక అన్నీ అడుగంటిస్తున్నాడు.

ఇంత రాద్ధాంతానికీ మూలం ఎనిమిది నిమిషాల సినిమా.

పిచ్చుక తీసింది. సినిమా చదువు ఆఖరి సంవత్సరంలో ఉంది. అందులో కథంటూ పెద్దగా ఏమీ లేదు. పని నుంచి ఇంటికొస్తున్న ఒకావిడ మెట్లెక్కుతుంది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట కూర్చుంటుంది. కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత లేచి, పైకి వెళ్ళకుండా కిందికి దిగి వెళ్ళిపోతుంది. అంతే.

ఆ మెట్లు ఈ ఇంటి మెట్లే. భుజం సంచి ఇక్కడ కుర్చీలో కూర్చున్న ఆమెది. మడమ దగ్గర అరిగిన చెప్పులు ఆమెవి. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు నుంచి వచ్చి రోజూ అక్కడ కాసేపు కూర్చునే అలవాటూ ఆమెదే. అది ఎవరికీ తెలియదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. సినిమాలో నటించింది మాత్రం ఆయన చెల్లెలు, కింది వాటాలో బట్టలు కుట్టే ఆడపడుచు.

కాలేజీలో నలుగురూ చూసి మెచ్చుకున్నారు. ఆ నలుగురి ఫోన్లలోంచి ఎన్ని ఫోన్లలోకి పాకిందో ఎవరికీ తెలియదు. ఆఖరికి ఆయన దగ్గర కారు నేర్చుకునే ఒకమ్మాయి, బండి వెనక్కి తీస్తూ తీస్తూ, "సార్, మీ ఇంటి మెట్లు చూశాం" అంది. ఆ రోజు ఆయన కాలు బ్రేకు మీద పడటం ఆలస్యమైంది. బండి వెనక లైటు పగిలింది.

ఆదివారం గ్రంథాలయం హాల్లో కుర్రకారు తీసిన చిన్న సినిమాలన్నీ వరసగా వేస్తారు. పిచ్చుక తన సినిమా తుది రూపాన్ని రేపు పొద్దున అప్పజెప్పాలి.

ఇంత జరిగినా, ఆ సినిమా చూడనిది ఆ ఇంట్లో ఆమె ఒక్కర్తే.

"వడ్డించేశా. రమ్మను," అన్నాడు ఆయన.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "మాడిన వాసనొస్తే నా ఇస్త్రీపెట్టె అనుకుని హడలిపోయాను. ఇక్కడిదా?"

"నవ్వు. నువ్వూ నవ్వు," అన్నాడు ఆయన. "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. సొంత చెల్లెలివి. వేషం కట్టే ముందు అన్నయ్యతో ఒక్క మాట అనాలనిపించలేదూ?"

"నాకేం తెలుసన్నయ్యా! 'అత్తా, మెట్ల మీద కూర్చోవాలి' అంది. మిషను ముందు రోజంతా కూర్చునేదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను. చెప్పులు బిగుతుగా ఉన్నాయన్నా వినలేదు, ఇవే వేసుకోమంది."

ఆయన కంచం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి పెట్టలేదు. "పిచ్చుకా, నేనొక్కటే అడుగుతున్నాను. రేపు నువ్విచ్చేదాంట్లో ఆవిడ పైకెళ్ళాలి. తలుపు తియ్యాలి. లోపలికి రావాలి. మిగతాదంతా నీ ఇష్టం."

"అప్పుడది ఇంటికి రావడం అవుతుంది నాన్నా. సినిమా అవదు."

"ఇంటికి రావడం తప్పా?"

"తప్పని కాదు. ఆవిడ ఇంట్లోకొచ్చేస్తే చూసేవాళ్ళకి అడగడానికి ఏమీ మిగలదు. పెద్ద సినిమాకి బోలెడు కథ కావాలి. చిన్నదానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ఒక్కటీ తీసేస్తే ఇంక ఏముంటుంది?"

"అడగడానికి మిగల్లేదా? అందరూ అడుగుతూనే ఉన్నారుగా! నన్ను! 'మీ ఆవిడ కులాసాగా ఉన్నారా' అని. నిన్న పాల దుకాణం ఆయన కూడా. ఆ అడగడంలో ఎంత జాలో!"

"నన్నెవరూ ఏమీ అడగట్లేదు," అంది ఆడపడుచు నొచ్చుకుంటూ. "నటించింది నేను కదా. ఎదురు వాటా ఆవిడ అంతా చూసి, నా గురించి ఒక్క ముక్క అనకుండా, 'చెప్పులు మీ వదినవేగా' అంది."

పిచ్చుక నవ్వాపుకోలేక నీళ్ళ గ్లాసు ఎత్తుకుంది. ఆయన కుడికాలు బల్ల కింద నేలని అదిమిపెడుతోంది. ఎదుటివాళ్ళ మాటలు దారి తప్పుతున్నాయనిపించినప్పుడల్లా ఆ కాలు అంతే.

"ఆ కాలు తియ్యన్నయ్యా. ఇక్కడ బ్రేకు లేదు."

అందరూ కంచాల మీదికి వంగారు. కూరలో ఉప్పు లేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు.

ఆడపడుచే మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గించి, వదిన వైపు తిరిగి. "నిజం చెప్పాలంటే వదినా, అక్కడ కూర్చోబెట్టాక, 'ఏం ఆలోచించాలే' అనడిగాను. 'ఏమీ ఆలోచించకత్తా, నిన్నిప్పుడెవరూ పిలవరు అనుకో, అంతే' అంది. సరేనని కూర్చున్నాను. ఏమైందో ఏమో, ఉన్నట్టుండి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. నాకే సిగ్గేసింది. తీరా సినిమాలో అది లేదు. ఈ పిల్ల కోసేసింది."

"ఎందుకు కోశావే?" అన్నాడు ఆయన, కోపం మరిచిపోయి.

"ఏడిస్తే చూసేవాళ్ళు జాలిపడి ఇంటికెళ్ళిపోతారు నాన్నా. ఏడవకపోతే ఆలోచిస్తారు."

ఆయనకి ఆ మాట నచ్చినట్టే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. కంచం ముందుకు తోసి, నాలుగు రోజుల్లో మొదటిసారి భార్య ముఖంలోకి సూటిగా చూశాడు. "నీకేమనిపిస్తోందో నువ్వు చెప్పవేం?"

"నేనింకా చూడలేదు కదండీ."

"చూడకుండానే ఇన్నాళ్ళూ ముఖం ముడుచుక్కూర్చున్నావా?"

"ముడుచుకోలేదు. నా ముఖమే ఇంత."

ఆడపడుచు టేపు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన లేచి వెళ్ళి కంచం కడగడం మొదలుపెట్టాడు. నీళ్ళు అవసరమైనదానికంటే ఎక్కువసేపు పారాయి.

*

గదిలో పిచ్చుక మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. ఆమె వచ్చి తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుంది.

ల్యాబులో ఆమె పని స్లైడు మీది రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, కనపడింది కనపడినట్టు రాయడం. అక్కడ ఊహకి చోటు లేదు. అనుమానం ఉంటే ఇంకో స్లైడు చేసి మళ్ళీ చూడాలి. అంతే తప్ప అల్లకూడదు. ఏళ్ళ తరబడి ఆ పని చేసి చేసి, ఇంట్లో కూడా ఆమె మాట అలాగే అయిపోయింది. ఉన్నంత మేరకే మాట్లాడుతుంది.

"నేను అక్కడ కూర్చోవడం నువ్వు చూశావు. సరే. కిందికి దిగి వెళ్ళిపోవడం ఎప్పుడు చూశావు?"

పిచ్చుక దిండు అంచు నలిపింది. "చూడలేదు."

"మరి?"

"అది... ఊహించానమ్మా."

"మేము చూడనిది రాస్తే ఉద్యోగం పోతుంది."

"మేము చూసిందే తీస్తే మార్కులు పోతాయి," అని, తల్లి నవ్వకపోవడం చూసి తగ్గింది. "మొదట నేను వేరే కథలు రాసుకున్నానమ్మా. ఒకటి దొంగ గురించి. ఇంకోటి లిఫ్టులో ఇరుక్కున్న ఇద్దరు శత్రువుల గురించి. మా మేడమ్ చదివి, 'బాగానే ఉన్నాయి, కానీ వీటిలో నువ్వెక్కడా లేవు' అన్నారు. 'కథ కోసం వెతక్కు. నువ్వు కళ్ళు తిప్పుకోలేకపోయిన చోటు ఒకటుంటుంది. అది గుర్తు తెచ్చుకో' అన్నారు. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు."

"నేనా?"

"ఒకరోజు పైనుంచి దిగుతున్నాను. నువ్వు మలుపులో కూర్చున్నావు. గోడకి ఆనుకుని. పిలుద్దామని నోరు తెరిచి, నీ ముఖం చూసి ఆగిపోయాను." పిచ్చుక గొంతు మెత్తబడింది. "కోపం లేదు, బాధా లేదు. కానీ అది మా అమ్మ ముఖం కాదు. నాన్న భార్య ముఖం కాదు, ల్యాబావిడ ముఖమూ కాదు. ఎవరికీ ఏమీ కాని ఒక మనిషి అక్కడ కూర్చుని ఉంది. ముందు భయమేసింది. తర్వాత ఎందుకో ముచ్చటేసింది. చప్పుడు కాకుండా వెనక్కి పైకెళ్ళిపోయాను."

తనని ఎవరో అంతసేపు అలా చూశారన్న సంగతి లోపల ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"నన్నడగొచ్చుగా."

"అడిగితే నువ్వు లేచి వచ్చేస్తావు."

అది నిజమే. నిజం కాబట్టే ఆమెకి ఉక్రోషం పొంగుకొచ్చింది.

"అడగలేదు సరే. తీసే ముందైనా చెప్పాలి కదే! ఇల్లు అందరిదీ. ల్యాబు అందరిదీ. ఆ రెండు మెట్లే నావి. వాటిని పట్టుకెళ్ళి తెర మీద పెట్టావు. మొన్న అలవాటు కొద్దీ అక్కడ ఆగితే, ఎదురు వాటా ఆవిడ 'షూటింగా?' అని నవ్వుకుంటూ పోయింది. అప్పట్నుంచి ఆగకుండా గబగబా ఎక్కేస్తున్నాను. ఆయాసమొస్తోంది. ఇంటికొచ్చాక కూడా ఇంకా రానట్టే ఉంటోంది. ఇంక నేనెక్కడ కూర్చోను, పిచ్చుకా?"

ఆమె ఇంత పొడుగ్గా మాట్లాడటం పిచ్చుక ఎన్నడూ వినలేదు. తనని పొగిడినవాళ్ళు చాలామంది ఉన్నారు, తిట్టిన తండ్రి ఉన్నాడు. ఈ మాట మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కళ్ళు నిండాయి.

"వద్దులే అమ్మా. రేపు వెళ్ళి, నాది వెయ్యొద్దని చెప్పేస్తాను. నిజంగా. నాకంత ముఖ్యం కాదు."

అబద్ధమాడటం ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ చేతకాదు. ఎన్ని రోజులు తిండి కూడా మరిచి ఆ లాప్‌టాప్ ముందు కూర్చుందో, ఒక్క చెప్పుల చప్పుడు కోసం అత్తని ఎన్నిసార్లు మెట్లు దింపిందో ఆమెకి తెలుసు. సినిమా ఆగిపోతే తన మెట్లు తనకి వచ్చేస్తాయా? రావు. పిల్ల ముఖం మాత్రం ఇలాగే ఉండిపోతుంది.

"ముందు చూపించు," అంది ఆమె.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడొద్దు. హాల్లో. అందరం కలిసి చూద్దాం." తలుపు తీసి, నాలుగు రోజుల మౌనం మధ్యలోంచి పిలిచింది. "ఏవండీ, ఒకసారి రండి."

*

లాప్‌టాప్ బల్ల మీద పెట్టారు. ఆడపడుచు కొత్త పెళ్ళికూతురిలా సర్దుకు కూర్చుంది. ఆయన తుడిచిన కంచమే మళ్ళీ తుడుస్తూ వెనక నిలబడ్డాడు.

మొదట చెప్పులు కనిపించాయి. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. మలుపు దగ్గర ఆగాయి. ఆవిడ కూర్చుంది. ఎక్కడో తలుపు మూసిన చప్పుడు. ఎవరింట్లోనో పసిపిల్ల ఏడుపు. ఆవిడ వాటిలో దేనికీ తలతిప్పలేదు. కిటికీలోంచి పడిన ఎండ గోడ మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది. ఆవిడ ఆ ఎండని చూస్తోంది.

మాట అన్నది లేదు. పాట లేదు. వెనక వాయిద్యం లేదు.

"సంచి ఒళ్ళో పెట్టించావేం?" అంది ఆమె ఉండబట్టలేక. "నేను పక్కన పెడతాను."

"తెలుసు. అలాగే తీశాను మొదట. పక్కన పెడితే ఇంటికి చేరిపోయినట్టుందమ్మా. ఒళ్ళో ఉంటే ఇంకా ఎటో వెళ్ళేదానిలా ఉంది."

ఆమె కుర్చీ ఇంకాస్త తెర దగ్గరికి జరుపుకుంది.

తెర మీద పైనుంచి ఒక మగ గొంతు వినిపించింది. "వచ్చావా?" తిట్టడం లేదు, కోపమూ లేదు. రోజూ అడిగినట్టే అడిగింది. ఆవిడ తలెత్తి పైకి చూసింది. తర్వాత కిందికి. లేచి నిలబడింది. ఒక్క క్షణం ఎటూ కదల్లేదు. కెమెరా అక్కడే ఉండిపోయింది, ఆవిడ దిగి వెళ్ళిపోయింది. ఖాళీ మలుపు, గోడ మీద ఎండ, కిందికి కిందికి చిన్నదైపోతున్న చెప్పుల చప్పుడు. అదీ ఆగిపోయింది.

ఆడపడుచు ముక్కు ఎగబీల్చింది. తన నటన గురించి అడగడం మరిచిపోయింది.

"ఆ గొంతు నాదేగా," అన్నాడు ఆయన.

పిచ్చుక తలూపింది.

"నేను రోజూ అలాగే పిలుస్తానా? అంత గట్టిగా?" కంచం బల్ల మీద పెట్టాడు. "ఫోనులో మొదటిసారి చూసినప్పుడు కోపంలో ఉన్నాను, ఇది పట్టించుకోలేదు. నేను పలకరిస్తున్నాననే అనుకుంటాను పిచ్చుకా. నిజంగా. మీ అమ్మ వచ్చిందని తెలిస్తే నాకు నిశ్చింత. అందుకే అడుగుతాను."

"అది బాగుంది కాబట్టే పెట్టాను నాన్నా. చెడ్డ గొంతయితే ఆవిడ వెళ్ళిపోవడం తేలికైపోయేది."

ఆయన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత బరువు దించుకున్నవాడిలా నిట్టూర్చాడు. "సరే. ఉంచు. ఎలా ఉందో అలాగే ఇవ్వు. ఎవరడిగినా, మా అమ్మాయి అల్లింది, మా చెల్లెలు ఆడింది అని చెప్తాను. కథే కదా. నిజం కాదు కదా." భార్య వైపు చూసి, నాలుగు రోజుల బెట్టు వదిలేసి, చిన్నగా నవ్వాడు. "అంతే కదా?"

ఆ నవ్వు అందుకుని "అంతేనండీ" అంటే సరిపోయేది. రేపట్నుంచి వంట తన చేతికొచ్చేది. ఇల్లు ఇల్లులా అయ్యేది.

పిచ్చుక తల్లి మౌనాన్ని వేరేలా అర్థం చేసుకుంది. గబగబా లాప్‌టాప్ ముందుకు జరిగింది. "అమ్మా, రెండూ ఉన్నాయి. పైకెళ్ళేది కూడా తీశాం. నీకిది కష్టంగా ఉంటే అదే పెడతాను. ఇప్పుడే మార్చేస్తాను. నువ్వు ఏదంటే అది."

ముగ్గురూ ఆమెకేసి చూస్తున్నారు.

ఆమె చూపు తెర మీదే ఉంది. ఆ ఖాళీ మలుపు అక్కడ అలాగే నిలిచిపోయింది. పిల్లకి ఏమీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆమె తనలో తాను కూడా పూర్తిగా అనుకోలేదు. అయినా ఆ పిల్ల ఊహ నడుచుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆ చోటే ఆగింది. స్లైడు చూడకుండా జబ్బు చెప్పడం సాధ్యం కాదని ఆమె ఇన్నాళ్ళూ నమ్మింది.

"మార్చకు," అంది ఆమె.

"హమ్మయ్య," అంది ఆడపడుచు.

"అది అబద్ధం కాదు. అందుకని."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "అంటే?"

"మా పెద్ద డాక్టరుగారు రేవు పట్నంలో కొత్త ల్యాబు పెడుతున్నారు. దాన్ని నన్ను నడపమన్నారు. రెండేళ్ళు. అక్కడే ఉండాలి." ఆమె మాటలు ఎప్పటిలాగే ఉన్నంత మేరకే వచ్చాయి. "సోమవారం లోగా చెప్పమన్నారు."

వంటగదిలో కుళాయి సరిగ్గా కట్టలేదు కాబోలు, చుక్క పడిన చప్పుడు ఇక్కడికి వినపడుతోంది.

"ఎప్పుడడిగారు?" అన్నాడు ఆయన.

"పిచ్చుక షూటింగు మొదలుపెట్టక ముందే."

"ఇన్నాళ్ళా! ఒక్క ముక్క చెప్పలేదే నాకు?"

"అంతకు ముందు అక్కడ ఊరికే కూర్చునేదాన్నండీ. నిజంగా ఊరికే. ఇది అడిగిన తర్వాతే... ఏం చెప్పాలో తేల్చుకుని, ఆ తర్వాత ఇంట్లోకొచ్చి మీకు చెబుదామని రోజూ ఆగేదాన్ని. తేలకుండానే లేచి వచ్చేసేదాన్ని."

పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడపడుచు అన్నయ్య మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి విడిపించుకుని, కుర్చీ లాక్కుని, భార్యకి ఎదురుగా కూర్చున్నాడు. అడగబోయి ఆగాడు. మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడు తేలిందా?"

ఆమె లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసింది.

"తేలిందండీ."

బల్ల కింద ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకుని గట్టిగా అదిమింది.